ఆర్‌డీకి ఆయువుపట్టు... ఆ రెండు కాయిళ్లు!

పొద్దున్నే ఒక్క కిక్కుకే లేచి కూర్చుంటుంది. పది కిలోమీటర్లు పరిగెత్తాక నడిరోడ్డు మీద ఉన్నట్టుండి చతికిలబడుతుంది. అరగంట చెట్టు నీడన నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. 'రాజ్‌దూత్ 350'ని ఇప్పటికీ ప్రాణంలా చూసుకుంటున్న ఇళ్లలో చాలామందికి తెలిసిన పేచీయే ఇది. దాని వెనక తరచూ ఉండేది... పెట్రోలు ట్యాంకు కింద దాక్కున్న రెండు చిన్న కాయిళ్లు. కంపెనీ కాయిళ్లు దొరకడం గగనమైపోయిన ఈ రోజుల్లో బయటి కాయిళ్లను ఎలా ఎంచుకోవాలి? ఎలా బిగించాలి?

పులిలా వచ్చింది...

యమహా సంస్థ 1973లో ప్రపంచానికి పరిచయం చేసిన ఆర్‌డీ 350కి మనదేశపు రూపమే ఈ బండి. యమహా సహకారంతో ఎస్కార్ట్స్ సంస్థ 1983లో దీన్ని ఇక్కడి రోడ్ల మీదికి తెచ్చింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్ ఇంజిన్, ఆరు గేర్లు! మొదట వచ్చిన 'హై టార్క్' రకం శక్తి 30.5 హార్స్‌పవర్. మైలేజీ కోసం కాస్త పగ్గం వేసి తర్వాత తెచ్చిన 'లో టార్క్' రకానిది 27. అప్పటి బుల్లెట్ 350 శక్తి 18 హార్స్‌పవరేనంటే కుర్రకారు దీని వెనక ఎందుకు పడ్డారో అర్థమవుతుంది.

కానీ ఆ వేగానికి తగ్గట్టే పెట్రోలూ తాగేది. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి బుల్లి బండ్లు రావడంతో మధ్యతరగతి అటు మొగ్గింది. ఆ దశాబ్దం ముగిసేసరికి ఆర్‌డీ కథా దాదాపు ముగిసింది. అప్పుడు కొనేవాళ్లు లేక వెలవెలబోయిన బండికే ఇప్పుడు అడిగినంత ధర. బండైతే దొరుకుతుంది కానీ విడిభాగాలే దొరకవు. అందులో అందరినీ ఏడిపించేవి కాయిళ్లు.

కుళాయి కట్టేస్తే గొట్టం అదిరినట్టు...

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టాలంటే వేల వోల్టులు కావాలి. ఆ మాయ చేసేదే కాయిల్. దాని లోపల ఇనుప కడ్డీ చుట్టూ రెండు చుట్లుంటాయి. ఒకటి లావుపాటి తీగతో కొద్దిపాటి చుట్టు, రెండోది వెంట్రుకంత సన్నని తీగతో వేల చుట్లు. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపూ లావు తీగలో కరెంటు పారుతుంది. అవి తెరుచుకోగానే ఠక్కున ఆగిపోతుంది. మోటారు నడుస్తుండగా వాల్వు ఒక్కసారిగా కట్టేస్తే నీళ్ల గొట్టం దడాలున అదురుతుంది చూడండి... ఇక్కడ జరిగేదీ అదే. ఆ అదురు సన్నని తీగలో 20 వేల వోల్టుల దాకా ఎగసి ప్లగ్గు దగ్గర మెరుపై దూకుతుంది.

ఆర్‌డీలో ప్రతి సిలిండర్‌కీ విడిగా ఓ జత పాయింట్లు, ఓ కండెన్సర్, ఓ కాయిల్. టూ స్ట్రోక్ కాబట్టి ఇంజిన్ తిరిగిన ప్రతిసారీ స్పార్కు పడాలి. అంటే నిమిషానికి 6,000 తిరుగుళ్ల వేగంలో ఒక్కో కాయిల్ సెకనుకు వంద మెరుపులు పుట్టించాలి. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడినీ, అదురునీ, వాన తేమనూ భరిస్తూ ఈ పని చేశాక లోపలి తీగ మీది పూత పగుళ్లివ్వడంలో వింతేముంది? చల్లగా ఉన్నప్పుడు ఆ పగుళ్లు ఊరుకుంటాయి. వేడెక్కితే కరెంటు పక్కదారి పడుతుంది. బండి ఆగిపోతుంది. చల్లారితే మళ్లీ మామూలే. అరగంట నీడ చేసిన వైద్యం రహస్యం ఇదీ.

దొంగ ఎవరో తేల్చాకే...

బండి మొరాయించగానే కాయిల్ మార్చేయడం తొందరపాటు. ముందు బ్యాటరీ చూడాలి. తర్వాత తాళం తిప్పి, పాయింట్లు మూసుకుని ఉండగా కాయిల్ దాకా ఎన్ని వోల్టులు చేరుతున్నాయో మల్టీమీటర్‌తో కొలవాలి. ముప్పై నలభై ఏళ్ల వైరింగులో, ఇగ్నిషన్ స్విచ్చిలో చిలుము పట్టడం మామూలే. 12 వోల్టులకు బదులు 10 మాత్రమే అందితే కాయిల్‌లో నిల్వయ్యే శక్తి దాదాపు 30 శాతం పడిపోతుంది. అలాంటప్పుడు ఎంత ఖరీదైన కాయిల్ వేసినా దండగే. పాయింట్లు మాడాయేమో, వాటి మధ్య సందు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో కూడా ఈ దశలోనే చూసుకోవాలి. తెరుచుకునే చోట పాయింట్లు అదేపనిగా నీలంగా మెరుస్తుంటే కండెన్సర్‌ను అనుమానించాలి.

ఆ తర్వాత రెండు కాయిళ్ల బండికే కుదిరే సులువైన పరీక్ష ఒకటుంది. ఎడమ కాయిల్‌ను కుడివైపు, కుడి కాయిల్‌ను ఎడమవైపు పనికి మార్చడం. పాయింట్ల నుంచి వచ్చే వైరు, ప్లగ్గుకు వెళ్లే వైరు... రెండూ మార్చాలి సుమా! ఇంతకుముందు ఎడమ సిలిండర్ ఆగిపోతూ, ఇప్పుడు కుడిది ఆగితే దొంగ దొరికినట్టే. పేచీ కాయిల్‌తో పాటు పక్కకు పోయింది మరి. అలాకాక ఎడమదే ఆగుతుంటే ఆ వైపు పాయింట్లో, కండెన్సరో, ప్లగ్గో కారణం. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

మల్టీమీటర్‌లో రీడింగు బాగానే ఉంది కదా అని కాయిల్‌కు మంచిదన్న ముద్ర వేయడానికీ లేదు. మీటరు పంపేది అతి తక్కువ వోల్టేజీ. వేల వోల్టుల దగ్గర మాత్రమే బయటపడే పగులు దానికి కనపడదు. అందుకే బండి వేడి మీద ఆగిపోయిన క్షణంలోనే స్పార్కు ఎలా ఉందో చూడాలి. నీలిరంగులో చిటపటమంటే ఆరోగ్యం, ఎర్రగా నీరసంగా ఉంటే జబ్బు.

'పెద్ద కాయిల్... పెద్ద స్పార్కు' నిజమేనా?

విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో అడిగితే రకరకాల కాయిళ్లు ముందు పెడతారు. కొత్త బండ్లవీ, కార్లవీ, రేసింగ్ అన్న స్టిక్కరున్నవీ. ఇక్కడే చాలామంది చేతులు కాల్చుకుంటారు. రంగు, పేరు, ధర కాదు... చూడాల్సింది లావు తీగ నిరోధం. అంటే ప్రైమరీ రెసిస్టెన్స్.

పాయింట్లున్న 12 వోల్టుల బండికి అది సుమారు 3 నుంచి 5 ఓమ్‌లు ఉండాలి. 4 ఓమ్‌లున్న కాయిల్ 3 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. పాయింట్లు దాన్ని హాయిగా మోస్తాయి. ఇప్పటి బండ్లలో సీడీఐ అనే ఎలక్ట్రానిక్ పద్ధతి కోసం తయారైన కాయిల్‌కు నిరోధం తరచూ ఒక ఓమ్ కూడా ఉండదు. దానికి కరెంటు అందే తీరే వేరు. అర ఓమ్ కాయిల్‌ను తెచ్చి ఆర్‌డీకి తగిలిస్తే లెక్క ప్రకారం 24 ఆంపియర్లు లాగబోతుంది. పాయింట్లు మాడతాయి, వైర్లు వేడెక్కుతాయి, ఫ్యూజు ఎగిరిపోతుంది. అలాగని నిరోధం మరీ ఎక్కువైతే కరెంటు సరిపోక, వేగం పెంచగానే ఇంజిన్ తడబడుతుంది.

మరో మాట. ఒకే కాయిల్‌ నుంచి రెండు ప్లగ్గు వైర్లు వచ్చే రకం ఉంటుంది. విడివిడి పాయింట్లున్న ఆర్‌డీకి అది నప్పదు. రెండు వేర్వేరు కాయిళ్లే కావాలి. అవి కూడా ఒకే రకం, ఒకే నిరోధం ఉన్న జత అయితే మేలు. పాయింట్లు తీసేసి పూర్తి ఎలక్ట్రానిక్ కిట్ వేసుకునేవాళ్లు దాంతో పాటు వచ్చిన కాయిళ్లనే వాడాలి. ఇందులోదొకటి అందులోదొకటి కలపకూడదు. ఈ లెక్కలన్నీ 12 వోల్టులకే. మైసూరులో తయారైన పాత జావాలది 6 వోల్టుల వ్యవస్థ. దానికి తగిన కాయిల్ వేరు.

బిగించే పద్ధతి ఇదీ

తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాకే పని మొదలుపెట్టాలి. ట్యాంకును తీసి దూరంగా పెట్టాలి. ఏ వైరు ఎక్కడిదో ఫొటో తీసుకుని, చిన్న కాగితం ముక్కలు అంటిస్తే తర్వాత తికమక ఉండదు.

కొత్త కాయిల్‌ రంధ్రాల మధ్య దూరం పాతదానితో సరిపోకపోవడం సహజం. అప్పుడు ఫ్రేముకు డ్రిల్లింగు చేయకుండా, ఇనుప పట్టీతో బ్రాకెట్టు చేయించుకోవడం మంచిది. చాలా రకాల కాయిళ్లకు ఎర్త్ అందేది వాటి ఇనుప కడ్డీ, బోల్టు ద్వారానే. ముచ్చటపడి ఫ్రేముకు కొత్త రంగు వేయించాక బండి స్టార్టవడంలేదంటే కారణం తరచూ ఆ రంగు పొరే. బిగించేచోట లోహం కనిపించేదాకా గోకాలి.

పాత వైరింగును కత్తిరించకుండా, రెండువైపులా సరైన కనెక్టర్లున్న చిన్న వైరు ముక్క మధ్యలో వేస్తే సరి. ఏ కొన బ్యాటరీకో, ఏ కొన పాయింట్లకో కాయిల్ మీద గుర్తుంటే దాన్నే పాటించాలి. తారుమారైనా బండి నడవచ్చు కానీ స్పార్కు కాస్త నీరసిస్తుంది. ప్లగ్గు వైరుకు స్క్రూతో బిగించే క్యాపు వాడితే లోపల రాగి తీగ ఉన్న వైరే తీసుకోవాలి. కార్బన్ వైరులో ఆ స్క్రూకు పట్టు దొరకదు. ట్యాంకు తిరిగి పెట్టాక అది కాయిళ్లకు గానీ, వైర్లకు గానీ రాసుకోకుండా చూడాలి.

కాయిల్ మార్చినంత మాత్రాన టైమింగ్ మారదు. పాయింట్లు కదిపితే మాత్రం మారుతుంది. రెండు సిలిండర్లకీ విడివిడిగా మళ్లీ సరిచూసుకోవాల్సిందే. స్పార్కు ముందుగా పడితే ఇంజిన్ విపరీతంగా వేడెక్కి పిస్టన్‌కు చిల్లు పడే ప్రమాదముంది. కొన్ని వందలతో పోయే పని అప్పుడు వేలకు చేరుతుంది.

ఇవి మరవొద్దు!

* స్పార్కు పరీక్ష చేసేటప్పుడు ప్లగ్గును సిలిండర్ రంధ్రానికి దూరంగా, లోహానికి గట్టిగా ఆనించి పెట్టాలి. దగ్గర్లో పెట్రోలు ఉండకూడదు.

* ప్లగ్గు వైరును చేత్తో పట్టుకుని కిక్కు కొట్టడం సాహసం కాదు... తెలివితక్కువతనం. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి.

* ఇంజిన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేయొద్దు. పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉంటుంది. కొత్త కాయిల్ కూడా కాలిపోవచ్చు.

* ఒక సిలిండర్ ఆగిపోయాక రెండోదాని మీదే ఈడ్చుకురావద్దు. కాలని పెట్రోలు, ఆయిలు సైలెన్సర్‌లోకి చేరతాయి.

అసలుదా... నడిచేదా?

పాత బండ్ల ప్రియుల్లో ఎప్పటికీ తెగని వాదమిది. ప్రతి నట్టూ కంపెనీదే కావాలంటారు కొందరు. నడవని బండి బొమ్మతో సమానమంటారు మరికొందరు. కాయిల్ విషయంలో ఇద్దరికీ నచ్చే దారి ఉంది... వెనక్కి తీసుకోగలిగిన మార్పే చేయడం. ఫ్రేముకు చిల్లు పెట్టకుండా, వైరింగు కోయకుండా కొత్త కాయిల్ వేస్తే, ఎప్పుడైనా కంపెనీ కాయిల్ దొరికిన రోజున పావుగంటలో పాత రూపం తెచ్చేయొచ్చు.

ఇందులో మరో ప్రయోజనమూ ఉంది. యాభై ఏళ్లు దాటిన బండ్లను 'వింటేజ్' వాహనాలుగా రిజిస్టర్ చేసేందుకు కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. వాటికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులేవీ చేసి ఉండకూడదన్నది అందులో ఓ షరతు. 1983లో రోడ్డెక్కిన తొలి రాజ్‌దూత్ 350లు 2033లో ఆ వయసుకు చేరతాయి. ఈ రోజు తొందరపడి ఫ్రేము మీద పెట్టే చిల్లు ఆ రోజున ప్రశ్నగా మారకూడదు కదా!

అందుకే విప్పిన పాత కాయిళ్లను తుక్కులో వేయకండి. పొడిగుడ్డలో చుట్టి, ఏది ఎడమదో ఏది కుడిదో, ఏ తేదీన తీశారో, కొత్తదాని నిరోధం ఎంతో ఓ చీటీ మీద రాసి బండి కాగితాలతో పాటు భద్రపరచండి. రేపు ఆ బండిని అందుకునే పిల్లలకు తాళంచెవితో పాటు దాని జబ్బు, మందు కూడా తెలియాలిగా!