వోల్టునకు ఎన్ని స్వరములు?

భద్రాచలమునకు ఎగువన, అడవి మొదలగు చోట నున్న మా పాఠశాలలో నేనొకనాడు వోల్టేజిని గూర్చి బోధించుచుండగా, శనివారపు భజనలలో హార్మోనియము పట్టు నలవాటుగల బాలుడొకడు లేచి, “సార్, వోల్టేజి పెంచితే శ్రుతి పెరుగుతదా?” అని యడిగెను. ఆ ప్రశ్నయే నాచేత ఒక చిన్న సింథసైజరును సోల్డరు చేయించినది.

శ్రుతి పెరుగును, ఎంత పెరుగవలెనన్నదే చిక్కు. సీక్వెన్సరు వోల్టేజులను వరుసగా నందించునే గాని స్వరము నెరుగదు. సింథసైజరు నిర్మాత రాబర్ట్ మోగ్ 1964 ప్రాంతమున ఒక వోల్టునకు ఒక స్థాయి యని నిర్ణయించెను. అనగా పండ్రెండు స్వరస్థానములలో ఒక్కొక్కదానికి 83 మిల్లీవోల్టుల పైచిల్లర. వోల్టులు కూడికచే పెరుగును, స్థాయి మారినపుడు పౌనఃపున్యము రెట్టింపగును. ఈ కూడికను రెట్టింపుగా మార్చునది ఒక ట్రాన్సిస్టరు: దాని బేసు వోల్టేజి సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగినంతనే కలెక్టరు ధారయు, దానితో పౌనఃపున్యమును రెండింతలగును! కావున సీక్వెన్సరు పంపిన ఒక వోల్టును నిరోధకములచే 18 మిల్లీవోల్టులకు తగ్గించి యందించిన చాలును. ఇంతటి సొగసైన యుపాయమును నేను వేరొక యంత్రమున చూచి యెరుగను.

అయితే సంతలో ఒకరి మానిక మరొకరి మానికతో సరిపోలనట్లు, మరొక నిర్మాతయగు డాన్ బుక్లా తన 200 శ్రేణి యంత్రములందు స్థాయికి 1.2 వోల్టులు పెట్టెను. మోగ్ కొలత గల సీక్వెన్సరును దీనికి తగిలించినచో, తారషడ్జము పలుకవలసిన చోట కైశికి నిషాదము పలుకును. 10 కిలోఓములు, 2 కిలోఓములు గల చిన్న యాంప్లిఫయరుతో 1.2 రెట్లు చేసిన ఆ దోషము తీరును. 1978లో వచ్చిన కోర్గ్ ఎం.ఎస్.-20 సింథసైజరు తీరు వేరు. అందు వోల్టేజి సరాసరి పౌనఃపున్యమునకే అనుపాతము. 1, 2, 3, 4 వోల్టులిచ్చిన షడ్జము, తారషడ్జము, దానిపై పంచమము, ఆపై మరల షడ్జము వినబడును. ఇచట హెచ్చవేత పనికిరాదు, ఘాతీయ పరివర్తకమే కావలెను.

మన దేశమున 1969లో అహమ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకర్త డేవిడ్ ట్యూడర్ మోగ్ యంత్రమును నెలకొల్పెను. 1983లో మిడి యను సంకేతపద్ధతి వచ్చి, వోల్టులకు మారుగా అంకెలు పంపుట యారంభమైనది.

మా సింథసైజరు మాత్రము వైశాఖమున నన్ను మిగుల బాధించెను. ఉదయము 27 డిగ్రీల వేళ కుదిర్చిన స్థాయి, మధ్యాహ్నము 42 డిగ్రీలకు అర స్వరస్థానమునకు మించి కుంచించుకొనిపోయెను. వేడిమి హెచ్చుకొలది ధారను రెట్టింపు చేయుటకు వలయు మిల్లీవోల్టులును హెచ్చుటయే కారణము. డిగ్రీకి మూడింట నొక శాతము చొప్పున విలువ పెరుగు నిరోధకమును తెప్పించి ట్రాన్సిస్టరు వీపునకు అంటించితిని. సాయంత్రము బాలుడు హార్మోనియపు షడ్జము మెట్టు నొక్కి పట్టగా నేను స్థాయిని కుదుర్చు ప్రీసెట్టు నిరోధకమును త్రిప్పుచుంటిని. క్రింది షడ్జము కుదిరిన పైది తప్పును, పైది దిద్దిన క్రిందిది కదలును. అట్లు నాలుగైదు మారులు దిద్దిన పిమ్మట రెండు ధ్వనుల నడుమ విస్పందనములు అంతకంతకు మందగించి, దీపము పెట్టు వేళకు నిలిచిపోయినవి.