పలక నంబరు – చాసిస్ నంబరు

సంతలో ఎద్దుల జతను కొనబోవు రైతు పండ్లు పట్టి చూచును, సుడులు వెదకును, నాలుగడుగులు నడిపించి చూచును. ఆ రైతే పాత లారీని కొనునపుడు రంగును, చక్రములను చూచి, ముందరి పలకపై నంబరు చదువుకొని సొమ్ము చెల్లించి వచ్చుచున్నాడు. పాతపట్నము వంటి సరిహద్దు ఊరిలో ఇంతటి ఏమరుపాటు తగదు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా పర్లాకిమిడి అటును, పాతపట్నము ఇటును పోయినవి. బంధుత్వములు, బేరములు మాత్రము విడిపోలేదు. బండ్లు నిత్యము సరిహద్దు దాటుచునే యున్నవి. శ్రీకాకుళము జిల్లా బండ్లకు ఏపీ 30 గుర్తు ఉండెడిది. 2019లో రాష్ట్రమంతటికిని ఏపీ 39 అను ఒకే వరుస వచ్చెను. అటు ఓఆర్ అను అక్షరములు 2012లో ఓడీగా మారినవి. ఒక రాష్ట్రపు బండి వేరొక రాష్ట్రమున పన్నెండు నెలలు మించి నిలిచినచో అక్కడి నంబరు పొందవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము విధించుచున్నది. కావున పలక నంబరు ప్రభుత్వము పెట్టిన పేరు, మారుచుండును. దొంగ చేతిలోనైనచో మరలు విప్పినంత సేపటిలో మారును.

చాసిస్ నంబరు అట్టిది కాదు. అది కర్మాగారములోనే లోహముపై చెక్కబడును. పూర్వము ఒక్కొక్క కంపెనీ తన ఇచ్చవచ్చిన రీతిని అంకెలు వేయుచుండెను. 1977లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ ఒక క్రమము నేర్పరచెను. 1981 నుండి అమెరికాలో పదునేడు స్థానముల సంఖ్య తప్పనిసరి యయ్యెను. అందు మొదటి మూడు స్థానములు తయారుచేసినవారిని, తరువాతి ఆరు బండి రకమును, చివరి ఎనిమిది ఆ ఒక్క బండిని తెలుపును. ఐ, ఓ, క్యూ అక్షరములు నిషిద్ధములు. ఒకటి, సున్నలుగా పొరబడుదురని. టాటా వారి బండ్లకు మొదట ఎమ్‌ఏటీ యని యుండును. ఒకప్పుడు మోటారనగా ఓడ దిగిన విదేశపు సరకే గదా. మన బండ్లపై మన దేశమునకు చెందిన అక్షరములను చూచుట సంతోషమే. ఆ అక్షరములను లోకమునకు పంచిపెట్టునది అమెరికాలోని ఇంజనీర్ల సంఘమగుట వేరు మాట.

కొనువారు రిజిస్ట్రేషను పత్రములోని చాసిస్ నంబరును లోహముపై నున్న దానితో అక్షరమక్షరము పోల్చవలెను. సాధారణముగా లారీకి చట్రముపైనను, మోటారు సైకిలునకు హ్యాండిలు మెడ వద్దను ఉండును. పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్దినచో అచ్చు పడును. అక్షరములు వంకరగా నున్నను, చుట్టును ఆకురాయి గీతలు గాని కొత్త రంగు గాని కనబడినను బేరము నిలుపవలెను. ఏలయన, హక్కు లేనివాడు అమ్మిన వస్తువుపై కొన్నవానికిని హక్కు రాదని 1930 నాటి వస్తువిక్రయ చట్టపు సామాన్య నియమము. అసలు యజమాని కనబడిననాడు బండి అతనికి పోవును. అమ్మినవాడు దొరకినగాని సొమ్ము రాదు. అంతవరకు పోలీసు ఠాణా చుట్టు తిరుగుట కొన్నవాని వంతు.