కట్టెగుళికల తారతమ్యము

అమెరికా ఈశాన్యమున మెయిన్, న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్ రాష్ట్రములందు అక్టోబరు మొదలు ఏప్రిల్ వరకును చలి విడువదు. మంచు మోకాలిలోతు పేరుకొని, నడురేయి ఉష్ణోగ్రత సున్నకు 20 డిగ్రీలు దిగువకు పోవుట అరుదు కాని ఆ సీమలో, ఇంటిని వెచ్చగా ఉంచుకొనుట భోగము కాదు, ప్రాణరక్షణము. అచ్చటి గృహస్థులలో పెక్కురు చిరకాలముగా చమురుమీదనే ఆధారపడియుండగా, 1973 నాటి చమురు సంక్షోభము వారిని కలవరపెట్టి, అడవులు సమృద్ధిగా గల దేశమున కట్టెను మరల పొయ్యిలోనికి తెచ్చుట ఎట్లన్న ఆలోచనకు పురికొల్పినది. అనంతర దశకపు తొలి సంవత్సరములలో వాషింగ్టన్ రాష్ట్రవాసియు విమాన ఇంజనీరును అగు జెర్రీ విట్‌ఫీల్డ్, రంపపుపొట్టును అదిమి చేసిన గుళికలను తనంత తానే మండించుకొను గృహోపయోగి పొయ్యిని రూపొందించెను. పెల్లెట్లని లోకము పిలుచు ఆ కట్టెగుళికలు నేడు అమెరికాలోనే కాక ఇటలీ, ఆస్ట్రియా, జర్మనీ దేశములలోను లక్షలకొలది ఇండ్లను వెచ్చపరచుచున్నవి. బోస్టన్ చుట్టుపట్ల కాపురములేర్పరచుకొన్న మన తెలుగువారికిని ఈ పొయ్యి కొత్తది కాదు. అయినను అంగడిలో ఒకదానిపై నొకటి పేర్చిన సంచులలో ఏది మేలైనది, ఏది కాదు అను ప్రశ్నకు, సంచిపై ముద్రించిన దేవదారు వృక్షపు బొమ్మ సమాధానము చెప్పజాలదు.

పొయ్యి పనితీరు ఎరుగనిదే ఇంధనపు గుణదోషములు బోధపడవు. పైన గుళికలు పోయు తొట్టి, దాని అడుగున మెల్లగా తిరుగుచు వాటిని కొంచెము కొంచెముగా త్రోయు మరకడ్డీ, అవి వచ్చి పడు చిల్లుల మంటగిన్నె, ఆ చిల్లులగుండ గాలి నందించు పంకా, ఇవి దాని ముఖ్యాంగములు. మొద్దుల పొయ్యి ముందు కూర్చుండిన మనుష్యుడు కట్టె పచ్చిదైనచో గాలి పెంచును, చిన్నదైనచో మరియొకటి వేయును. ఈ యంత్రమునకు ఆ వివేకము లేదు. తనకు నిర్ణయించిన మేరకు గుళికలను త్రోయుటయు, నిర్ణయించిన మేరకు గాలి నూదుటయు మాత్రమే అది యెరుగును. కావున ఈ పొయ్యికి కావలసినది, నేటి గుళిక నిన్నటి గుళికవలెనే ఉండుట.

గుళికల తయారీలో సాధారణముగా జిగురునకు ప్రసక్తి లేదు. కోతమిల్లులలో మిగిలిన పొట్టును, చిత్రిక తుక్కును మెత్తగా నలిపి, తేమ పదవ వంతుకంటె తగ్గునట్లు ఆరబెట్టి, చిల్లులు గల దిట్టమైన ఉక్కుచట్రముగుండ రోలర్లతో బలముగా నెట్టుదురు. ఆ ఒత్తిడి వలన పుట్టు వేడికి కట్టెలో సహజముగా నుండు లిగ్నిన్ మెత్తబడి, చల్లారునప్పుడు బిగిసి, పొట్టునంతటిని ఏకము చేయును. గుళికపై కానవచ్చు నునుపును మెరుపును ఆ లిగ్నిన్ ప్రసాదములే. ఇండ్లలో వాడు గుళిక మందము సాధారణముగా 6 మిల్లీమీటర్లు. పొడవు 40 మిల్లీమీటర్లకు మించరాదు.

కొనువారు మొట్టమొదట అడుగునది వేడిని గూర్చి. చిత్రమేమనగా, గుళికల మధ్య అతిస్వల్పమైన భేదము కానవచ్చునది ఈ విషయముననే. మేపుల్, ఓక్ వంటి చేవకట్టె గొప్పదా, పైన్, స్ప్రూస్ వంటి మెత్తకట్టె గొప్పదా అను వివాదము మొద్దుల కాలమునుండి వచ్చినది. మొద్దు రూపమున చేవకట్టె బరువైనది గనుక ఒక్కొక్క మొద్దునకు వేడి హెచ్చుగా నిచ్చుట నిజమే. కాని గుళికగా అదిమిన పిమ్మట రెండును ఇంచుమించు ఒకే సాంద్రతకు వచ్చును; తూకమునకు తూకము చూచినచో లిగ్నిన్, గుగ్గిలము అధికముగా గల మెత్తకట్టెకే కొంచెము మొగ్గు. మెత్తకట్టె గుళికలు పొగగొట్టమున తారు పట్టించునను భయమును ఆరిన గుళిక విషయమున నిరాధారమైనది. వేడిని నిజముగా తగ్గించునది తేమ. కిలో గుళికలలో 10 శాతము తేమయున్నచో 4.6 కిలోవాట్-గంటల వేడి లభించును; తేమ 5 శాతమైనచో అది 4.9కి చేరును. అప్పుడే నరికిన కట్టెలో బరువునకు సగము నీరే యుండుటచే అది ఇచ్చు వేడి ఇందులో సగమునకును చాలదు. ఆరిన గుళికల లోపల వేడిలో గల వ్యత్యాసము ఇంత స్వల్పము కాగా, మిగిలిన భేదములలో మొదటిది మండని పదార్థములో నున్నదని గ్రహింపవలెను.

ఆ మండని పదార్థము బూడిద. బెరడు తీసిన కాండపు కట్టెలో బూడిద నూటికి అరపాలు వరకే యుండును. బెరడులో దానికి అనేకరెట్లు. కట్టెను నేలపై ఈడ్చినప్పుడు అంటుకొను ఇసుక దీనికి తోడగును. మన ప్రాంతములలో వరి ఊకను కాల్చినచో తూకములో అయిదవ వంతునకు చేరువగా బూడిదయే మిగులును. బాయిలరు గల మిల్లున కది చెల్లునుగాని, ఇంటిలోని చిన్న మంటగిన్నె ఆ భారమును మోయలేదు. ఒక చలికాలమునకు 3 అమెరికా టన్నులు, అనగా 2,720 కిలోల గుళికలు కాల్చు ఇంటిని లెక్కకు తీసికొందము. బూడిద అరశాతమైనచో ఏడాదికి 14 కిలోలు తీసిపారవేయవలెను. 1 శాతమైన 27 కిలోలు. 2 శాతమైన 54 కిలోలు. వేడి ఇంచుమించు ఒక్కటే, చాకిరి మాత్రము నాలుగురెట్లు. అంతకు మించిన చిక్కు చిట్టెము. ఇసుకలోని సిలికాయు కట్టెలోని పొటాషియమును కలిసినప్పుడు బూడిద తక్కువ వేడికే కరగి, మంటగిన్నె అడుగున రాయివలె గడ్డకట్టి చిల్లులను మూసివేయును. గాలి అందని మంట ఎర్రబడి పొగలుగ్రక్కి, అద్దమును మసిబార్చి, తుదకు ఆరిపోవును. బూడిద తక్కువ యగుట ఎంత ముఖ్యమో, అది సులభముగా కరగనిదగుటయు అంత ముఖ్యము.

రెండవ దోషము నుసి. బలహీనముగా అదిమిన గుళికలు లారీలోని కుదుపులకు, సంచుల ఎత్తిదింపులకు విరిగి పొడియగును. ఆ పొడి తొట్టి మూలల పేరుకొని, మరకడ్డీ దారి నడ్డగించి, మంటగిన్నెలో గాలి కెదురునిలుచును. దార్ఢ్యమును కొలుచుటకు పరీక్షాలయమున 500 గ్రాముల గుళికలను పెట్టెలో వేసి నిమిషమునకు 50 చుట్ల చొప్పున 10 నిమిషములు త్రిప్పి, 3.15 మిల్లీమీటర్ల జల్లెడలో జల్లించి, నిలిచినదాని తూకము చూతురు. పొడవునకును ప్రాముఖ్యము కలదు: మిక్కిలి పొడవైనవి తొట్టిలో అడ్డుపడి వంతెనగట్టి క్రిందివానికి దారి విడువవు, మరీ పొట్టివి ఒత్తుగా సర్దుకొనుటచే కడ్డీ ఒక్కొక్క చుట్టునకు ఇంధనమును ఎక్కువగా త్రోసి, గాలికి మించిన మంటను పెట్టును.

మూడవది కంటికి కానరానిది. ఉప్పునీట నానిన కట్టెతో చేసిన గుళికలలోని క్లోరైడు పొయ్యిలోని ఇనుమును క్రమముగా తినివేయును. రంగుపూసిన కట్టె, మందుపట్టించిన పాతకట్టె ఇంటిలో మండింపదగినవే కావు. అందువలననే ప్రమాణముద్ర అవసరమైనది. ఐరోపాలో ఐఎస్ఓ 17225-2 ప్రమాణము ననుసరించి ఇఎన్‌ప్లస్ అను ముద్రను ఇచ్చుచున్నారు; అందలి ఏ1 తరగతికి బూడిద 0.7 శాతమునకు, తేమ 10 శాతమునకు మించరాదు, దార్ఢ్యము 98 శాతమునకు తగ్గరాదు, సంచిలో నుసి అరశాతము దాటరాదు. ఏ2 తరగతికి బూడిద 1.2 వరకును, బీ తరగతికి 2 శాతము వరకును చెల్లును. అమెరికాలో పెల్లెట్ ఫ్యూయల్స్ ఇన్‌స్టిట్యూట్ విధించిన ప్రీమియమ్ తరగతికి బూడిద హద్దు 1 శాతము, తేమ 8, దార్ఢ్యము 96.5, స్టాండర్డ్ తరగతికి బూడిద 2 శాతము, యుటిలిటీ తరగతికి 6 వరకు. రెంటిని పోల్చి చూచినచో తేమ విషయమున అమెరికా నియమము, బూడిద దార్ఢ్యముల విషయమున ఐరోపా నియమము కఠినములుగా కనబడుచున్నవి. ఒక్క సంగతి మరువరాదు: ప్రీమియమ్ అను మాట సంచిపై నున్నంతమాత్రమున అది ప్రమాణమైనట్లు కాదు, ధ్రువపరచిన సంస్థ ముద్రయు, ఐరోపా సంచులపైనైనచో దేశాక్షరములతో కూడిన గుర్తింపు సంఖ్యయు ఉన్నవో లేవో చూడవలెను.

ముద్రయున్నను సంచికి సంచికి తేడా రావచ్చును గనుక, గృహస్థు చేసికొనదగిన పరీక్షలు కొన్ని కలవు. 15 కిలోల సంచిని జల్లించినప్పుడు రాలిన నుసి 75 గ్రాములు దాటినచో అది అరశాతమునకు మించినట్లే. మంటగిన్నెను, బూడిద డబ్బాను శుభ్రముచేసి ఒక సంచి యంతయు కాల్చి, చల్లారిన బూడిదను తూచినచో 105 గ్రాములకు చేరువైనది ఏ1 హద్దు. గుప్పెడు గుళికలను నీటిలో వేయగా అవి మునిగి, కొద్దిసేపటిలో ఉబ్బి పొట్టుగా విడిపోవలెను. తేలిన గుళిక సరిగా అదుమబడనిది. రంగును మాత్రము నమ్మరాదు. నల్లని గుళికలో బెరడు ఉండవచ్చును, చేవకట్టెయు ఉండవచ్చును. తెల్లనిది సైతము ఇసుకతో కూడినది కావచ్చును.

మేలైన గుళికయు నిలువచేయుట తెలియని చేతిలో చెడును. తేమ తగిలిన గుళిక మరల పొట్టుగా మారునే కాని తిరిగి గుళిక కాదు. కావున సంచులను వట్టి సిమెంటునేలపై గాక చెక్కపీటలపై పేర్చి, చిరుగులేకుండ కాపాడుకొనవలెను. విడిగుళికలను గదినిండ పోసికొను ఐరోపా ఇండ్లలో ఇంకొక జాగ్రత్త కావలెను. కట్టెలోని కొవ్వు ఆమ్లములు గాలితో కలిసి మార్పు చెందునప్పుడు వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వెలువడి, మూసిన గదిలో నిండును. అట్టి గదులలో ప్రవేశించి మరణించినవారు కలరు. గదికి గాలిమార్గముండవలెను, తలుపు తెరిచి గాలి ఆడనిచ్చిన పిమ్మటనే లోనికి పోవలెను.

ఇక ధర. సంచికి కొంత తగ్గినదని బూడిద రెట్టింపైన గుళికను కొన్నవాడు ఆ మిగులును రోజూ గిన్నె గోకుటలోను, మంట ఆరినప్పుడెల్ల మరల వెలిగించుకొనుటలోను తీర్చుకొనవలసినదే. అయినను అత్యధిక ధర పలుకునదే అత్యుత్తమమనుకొనుటయు భ్రాంతియే, ఏలయనగా వెడల్పైన గిన్నెయు బలమైన పంకాయు గల పొయ్యి 1 శాతము బూడిదను సులువుగా సహించును, ఇరుకైనది సహింపదు. కావున వేసవి ముగియకమునుపే మూడు నాలుగు రకముల సంచులను ఒక్కొక్కటిగా తెచ్చి, తన పొయ్యిలోనే కాల్చి, నుసిని, బూడిదను తూచి వ్రాసికొని, ఆ లెక్కను ధరతో సరిపోల్చిన పిమ్మటనే టన్నులకు బయానా ఇచ్చుట ఉత్తమము.