పని వరుస తెలిస్తే చాలదు, ఆగడమూ తెలియాలి!

ఇంట్లో ఉప్మా చేయడం మీరు చూసే ఉంటారు. ముందు రవ్వ వేయించి పక్కన పెడతారు. తరువాత పోపు వేసి, నీళ్ళు పోస్తారు. నీళ్ళు మరిగాకనే రవ్వ పోస్తూ కలుపుతారు. మరగకముందే పోస్తే ఏమవుతుంది? ఉప్మా కాస్తా ముద్దముద్దగా తయారవుతుంది!

ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, పనుల వరుస. రెండు, ఒక పని సరిగా పూర్తయిందో లేదో చూసుకొన్నాకే తరువాతి పనికి పోవడం. వంట చేసేవారు ఈ రెండింటినీ అలవాటుగా చేసేస్తారు. అదే పనిని యంత్రానికి అప్పగించాలంటే? వరుస చెబితే సరిపోదు. “నీళ్ళు మరిగాయా?” అని చూడడం నేర్పాలి. మరగకపోతే ఏం చేయాలో కూడా నేర్పాలి.

కంప్యూటర్లను నడిపే ఇంజనీర్లకు ఇలాంటి వరుస పనులు రోజూ ఉంటాయి. ప్రోగ్రామును మార్చాలి. మార్పు సరిగా ఉందో లేదో పరీక్షించాలి. దాన్ని అనేక సర్వర్లలోకి, అంటే ఇతర కంప్యూటర్లకు సేవలందించే కంప్యూటర్లలోకి, ఎక్కించాలి. తరువాత అంతా సవ్యంగా నడుస్తోందా అని కనిపెట్టి ఉండాలి. ఈ గొలుసులో ఒక్క లంకె జారితే ఎంత ముప్పు వస్తుందో చూద్దాం.

ఎనిమిదింటిలో ఒకటి

అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే సంస్థ ఉండేది. ఇతరుల తరఫున కంపెనీల వాటాలను కంప్యూటర్ల ద్వారా కొనడం, అమ్మడం దాని పని. 2012లో ఆ సంస్థ ఒక కొత్త ప్రోగ్రామును 8 సర్వర్లలో ఎక్కించవలసి వచ్చింది. ఆ పనిని మనుషులే చేతితో చేశారు. 7 సర్వర్లలో కొత్తది ఎక్కింది. ఎనిమిదో దాన్ని మరిచారు! సరిచూడడానికి రెండో మనిషిని పెట్టలేదు.

ఆ ఎనిమిదో సర్వరులో 2003 నుంచి ఎవరూ వాడని పాత ప్రోగ్రాము ఒకటి నిద్రపోతూ ఉంది. కొత్త ప్రోగ్రామును మొదలుపెట్టే సంకేతమే ఒకప్పుడు ఆ పాతదాన్ని మేల్కొలిపే సంకేతం. 2012 ఆగస్టు 1 ఉదయం 9.30కి మార్కెట్టు తెరిచారు. ఏడు సర్వర్లు కొత్త పని మొదలుపెట్టాయి. ఎనిమిదో దానిలో పాత ప్రోగ్రాము లేచి కూర్చుంది.

దాని లోపమేమిటో తెలుసా? కోరినన్ని వాటాలు వచ్చాయా అని లెక్కచూసి ఆపే భాగాన్ని 2005లోనే వేరే చోటికి మార్చేశారు. అందుచేత దానికి ఆగడం తెలియదు! ఖాతాదారుల నుంచి వచ్చినవి 212 ఆర్డర్లు. వాటికోసం అది 40 లక్షలకు పైగా ఆర్డర్లను మార్కెట్టులోకి పంపింది. సుమారు 45 నిమిషాలలో జరిగిన ఈ గందరగోళం వల్ల సంస్థకు 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది.

మరో రెండు విచిత్రాలున్నాయి. మార్కెట్టు తెరవకముందే సంస్థ కంప్యూటర్లు “ఇక్కడేదో తేడా ఉంది” అని సూచించే 97 ఉత్తరాలను ఉద్యోగులకు వాటంతటవే పంపాయి. అవి హెచ్చరికలుగా ఏర్పాటు చేసినవి కాకపోవడంతో ఎవరూ పట్టించుకోలేదు. ఆ పైన, దోషం కొత్త ప్రోగ్రాములో ఉందనుకొని, సరిగా ఉన్న ఏడు సర్వర్ల నుంచి దాన్ని తీసివేశారు. దానితో ఆ ఏడూ ఎనిమిదో దాని బాటే పట్టాయి!

వరుసను యంత్రానికే అప్పగిస్తే?

మనిషి అలసిపోతాడు, మరిచిపోతాడు. ఏడుసార్లు సరిగా చేసి ఎనిమిదోసారి తప్పుతాడు. కాబట్టి వరుసను యంత్రానికే రాసి ఇవ్వాలన్న ఆలోచన ఎప్పటినుంచో ఉంది. 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ అనే సాధనాన్ని తయారుచేశాడు. దీనికి కారణం చిన్నదే. ఆయన సహోద్యోగి ఒకరు ప్రోగ్రాములోని తప్పును అప్పటికే దిద్దారు. కాని దిద్దిన భాగాన్ని యంత్రభాషలోకి మళ్ళీ మార్చడం మరిచి, లేని తప్పుకోసం ఒక పూటంతా వెతికారు! మేక్‌కు ఏ భాగం దేనిపై ఆధారపడిందో ఒక్కసారి రాసిస్తే చాలు. ఏది ఎప్పుడు మారిందో చూసి, అవసరమైన పనులనే, సరైన వరుసలో అదే చేస్తుంది. ఇప్పటికీ ఇంజనీర్లు దీన్ని వాడుతున్నారు.

మంచి స్వయంచాలక వరుసలో ఇంకా కొన్ని లక్షణాలుంటాయి. ప్రతి మెట్టు తరువాత ఒక పరీక్ష ఉంటుంది. కొత్త ప్రోగ్రామును ముందు ఒక్క సర్వరులో పెట్టి, బాగుంటేనే మిగతావాటిలో పెడుతుంది. చెడితే పాత స్థితికి తిరిగి వస్తుంది. పెద్ద నిర్ణయం దగ్గర ఆగి, మనిషి అనుమతి కోసం ఎదురుచూస్తుంది.

చెప్పినట్లే చేస్తే?

అయితే యంత్రానికి అప్పగించగానే ప్రమాదం తొలగిపోతుందా? లేదు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ సంస్థలో ఒక ఇంజనీరు రాసిపెట్టిన పద్ధతి ప్రకారమే కొద్ది సర్వర్లను పక్కకు తప్పించబోయాడు. ఆదేశంలో ఒక అంశం తప్పు పడింది. సాధనం మారు మాట్లాడకుండా అనుకొన్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లను తొలగించింది! ఆ సర్వర్లపై ఆధారపడిన ఎన్నో వెబ్‌సైట్లు సుమారు నాలుగు గంటలపాటు ఇబ్బంది పడ్డాయి.

తరువాత అమెజాన్ ఏం చేసింది? ఆ సాధనాన్నే మార్చింది. అది ఇప్పుడు సర్వర్లను నెమ్మదిగా తొలగిస్తుంది. తొలగిస్తే ఉండవలసిన కనీస సంఖ్య కంటే తగ్గిపోతాయనుకొంటే, ఆ పని చేయదు. అంటే సాధనానికి “కుదరదు” అనడం నేర్పారన్నమాట!

ఒక్క క్షణం ముందు

సమయానికి ఆగడం ఎంత విలువైనదో తెలియాలంటే ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోటకు వెళ్ళాలి. 2001 మార్చి 28న అక్కడ మన మొదటి జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ప్రయోగానికి సిద్ధంగా ఉంది. దాని నడుమ ఘన ఇంధనం నింపిన పెద్ద మోటారు, చుట్టూ ద్రవ ఇంధనంతో పనిచేసే నాలుగు ఇంజన్లు ఉన్నాయి. ఘన ఇంధనం ఒకసారి అంటుకొంటే ఆర్పడం సాధ్యం కాదు. ద్రవ ఇంజన్లనైతే ఆపవచ్చు. అందుకే ముందు ఆ నాలుగింటిని వెలిగిస్తారు. అవి తగినంత బలంతో నెడుతున్నాయా అని కంప్యూటరు కొద్ది క్షణాలలో పరీక్షిస్తుంది. అంతా బాగుంటేనే నడిమి మోటారును వెలిగిస్తుంది.

ఆ రోజు నాలుగింటిలో ఒకటి తగినంత బలం ఇవ్వలేదు. రాకెట్టు లేవడానికి ఒక్క సెకను ఉందనగా కంప్యూటరు ప్రయోగాన్ని నిలిపివేసింది. అంత తక్కువ వ్యవధిలో ఏ మనిషి చూసి, ఆలోచించి, మీట నొక్కగలడు? రాకెట్టు దక్కింది. లోపాన్ని సరిచేశాక, ఏప్రిల్ 18న అది నింగికెగసింది.

కంప్యూటరుకు అది తానుగా తోచిన తెలివి కాదు. ఎక్కడ పరీక్షించాలి, ఎప్పుడు ఆగాలి అని ముందుగానే కూర్చొని ఆలోచించినవారు ఇంజనీర్లు. తొందర లేనప్పుడు మనిషి చేసిన ఆలోచనను, తొందర ఉన్నప్పుడు యంత్రం ఆచరించింది.

మీరూ చేసి చూడండి

మేడమీది నీళ్ళ ట్యాంకును మోటారుతో నింపే పనిని ఒక కాగితంమీద మెట్లు మెట్లుగా రాయండి. ఒక్కో మెట్టు పక్కన “ఇది పూర్తయిందని ఎలా తెలుస్తుంది?”, “కాకపోతే ఏం చేయాలి?” అన్న ప్రశ్నలకు జవాబు రాయండి. కాగితాన్ని మీ స్నేహితునికిచ్చి, సొంత తెలివి వాడకుండా అందులో ఉన్నట్లే చేస్తున్నట్లు నటించమనండి. బావిలో నీళ్ళు లేకపోతే? మధ్యలో కరెంటు పోయి వస్తే? ట్యాంకు నిండితే మోటారును ఆపేదెవరు? మీ స్నేహితుడు ఎక్కడ తికమకపడితే, అక్కడ మీరు ఒక మెట్టు రాయడం మరిచారన్నమాట!