తెర లేని పాటల డబ్బీ: లాభమెంత, నష్టమెంత?

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఉదయగిరిలో మా ఇంట్లో పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే అగ్గిపెట్టె కన్నా చిన్న వస్తువొకటి దొరికింది. మా అన్న ఇంటర్ చదివే రోజుల్లో ఆత్మకూరులో ఒక సెల్ షాపులో కొన్న క్లిప్ ఎంపీ3 ప్లేయర్. చొక్కాకు తగిలించుకునే క్లిప్పు, నాలుగైదు బటన్లు, ఒక చిన్న లైటు, మెమరీ కార్డు దూర్చే సందు, ఇయర్‌ఫోన్ రంధ్రం. అంతే! తెర అనేదే లేదు. అప్పట్లో సెల్ షాపువాళ్లే డబ్బు తీసుకుని కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు.

ఫోన్లోనే ప్రపంచమంతా ఉన్న ఈ రోజుల్లో ఇది ఎవరికి పనికొస్తుంది అనుకున్నాను. జవాబు పక్క మంచం మీదే ఉంది. మా అవ్వకు నీటికాసుల జబ్బు వల్ల చూపు చాలావరకు పోయింది. పాటలు వినమని నా పాత ఫోన్ ఇస్తే, ఎక్కడో వేలు తగిలి ప్రకటనలు మోగేవి, లేదంటే ఎవరికో కాల్ పోయేది. రెండు రోజులకే దాన్ని దిండు కింద పెట్టేసింది. అందుకే అలాంటి క్లిప్ ప్లేయర్‌నే కొత్తది ఒకటి కొన్నాను. ఆ అనుభవంతోనే ఈ వ్యాసం.

ముందు కొంచెం చరిత్ర. తెర లేకుండా పాటలు వినడం కొత్తేమీ కాదు. 1979లో సోనీ తెచ్చిన మొదటి వాక్‌మన్‌కి కూడా తెర లేదు. కాకపోతే క్యాసెట్ మీద పేరు రాసి ఉండేది. వందల పాటలు పట్టే డిజిటల్ ప్లేయర్‌కి తెర తీసేయడమే అసలు సాహసం. 2005 జనవరిలో ఆపిల్ ఐపాడ్ షఫుల్‌తో ఆ పని చేసింది. 22 గ్రాముల బరువు, 512 ఎంబీ లేదా 1 జీబీ మెమరీ. 2006లో వచ్చిన రెండో తరానికి క్లిప్పు పెట్టారు. మన బజార్లలో దొరికిన చౌక క్లిప్ ప్లేయర్లు చాలావరకు దాని పోలికలే. 2009లో మూడో తరంలో ఆపిల్ ఇంకో అడుగు ముందుకేసి ప్లేయర్ మీద పాట మార్చే బటన్లు కూడా తీసేసి, ఇయర్‌ఫోన్ తీగ మీదికి మార్చింది. పాట పేరును గొంతుతో చెప్పే వాయిస్‌ఓవర్ కూడా పెట్టింది. అది 14 భాషల్లో మాట్లాడేది, అందులో మన దేశపు భాష ఒక్కటీ లేదు. 2010లో నాలుగో తరానికల్లా బటన్లు మళ్లీ ఒంటి మీదికి వచ్చేశాయి. అంటే తెర లేకపోయినా జనం సర్దుకున్నారు గానీ, వేలికి తగిలే బటన్ లేకపోతే కుదరలేదన్నమాట. 2017లో షఫుల్ అమ్మకం ఆపేశారు. అదే ఏడాది మన దేశంలో సరిగమ కంపెనీ 5,000 పాత హిందీ పాటలు నింపిన కారవాన్‌ని పెద్దవాళ్ల కోసం తెచ్చింది. తర్వాత తెలుగు పాటలదీ వచ్చింది. మీట నొక్కితే చాలు పాట రావాలి అనుకునేవాళ్లు మాయం కాలేదని దీంతో అర్థమవుతుంది.

ఇక లాభాలు చూద్దాం.

మొదటిది, చూపుతో పనిలేదు. అవ్వకు అరగంటలో వచ్చేసింది: కుడి బటన్ ముందుకు, ఎడమది వెనక్కి, మధ్యది ఆపడానికి. ఆన్ చేసే మీట గుర్తు దొరకడానికి దాని మీద ఫెవిక్విక్‌తో చిన్న పూస అంటించాను. చేతులూ కళ్లూ రెండూ పనిలో ఉండేవాళ్లకీ ఇదే లాభం. మా ఉదయగిరిలో కొండ చెక్కతో గరిటెలు, స్పూన్లు చెక్కేవాళ్లున్నారు. ఉలి చేతిలో ఉన్నప్పుడు తెర వైపు చూస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

రెండోది, నెట్ అక్కర్లేదు. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పల్లెవెలుగులో వస్తుంటే దారిలో నా ఫోన్ సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. దీనికి ఆ బాధ లేదు. పైగా 128 కేబీపీఎస్ ఎంపీ3 అంటే సెకనుకు 16 కిలోబైట్లు, నిమిషానికి సుమారు ఒక ఎంబీ. అయిదు నిమిషాల పాటలు 2 జీబీ కార్డులో దాదాపు 400 పడతాయి. ఘంటసాల, సుశీల, మన బాలు... నెలంతా విన్నా తరగవు.

మూడోది మనకు. పాట మధ్యలో నోటిఫికేషన్ రాదు, రీల్ రాదు. పరీక్షల ముందు రోజు ఇది ఎంత లాభమో మీకే తెలుసు.

నష్టాలు కూడా తక్కువేం కాదు.

బ్యాటరీ ఎంతుందో తెలియదు. ఉన్నట్టుండి ఆగిపోతుంది. లిథియం బ్యాటరీని ఖాళీ చేసి నెలల తరబడి వదిలేస్తే, వోల్టేజ్ మరీ కిందికి పడిపోయి మళ్లీ ఛార్జ్ ఎక్కకపోవచ్చు. అన్న ప్లేయర్ పెట్టెలోనే పోయింది అందుకేననుకుంటా. వాడకపోయినా రెండు మూడు నెలలకోసారి ఛార్జ్ పెట్టండి.

వాల్యూమ్ ఎంతుందో కూడా కనపడదు. వారానికి 40 గంటలు వినేవాళ్లు 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బస్సు రొదలో మనకు తెలియకుండానే పెంచేస్తాం. బస్సు ఎక్కాక వాల్యూమ్ పెంచాలనిపిస్తే, కాసేపు ఇయర్‌ఫోన్ తీసేయడం మేలు.

షఫుల్ మోడ్ ఇంకో తలనొప్పి. పేకముక్కల్లా ఒకసారి కలిపేసి వరసగా వేస్తే ఏ పాటా తిరిగి రాదు. అలా కాకుండా ప్రతిసారీ 100 పాటల్లోంచి గుడ్డిగా ఒకటి తీస్తే, 13 పాటలయ్యేసరికి ఏదో ఒకటి రిపీట్ అయ్యే అవకాశం సగం దాటుతుంది. ప్రాబబిలిటీ క్లాసులో పుట్టినరోజుల లెక్క గుర్తుందా, అదే ఇది. చౌక ప్లేయర్‌లో ఏ పద్ధతి ఉందో పెట్టె మీద రాయరు.

నా వల్ల జరిగిన పొరపాటు మాత్రం వీటన్నిటికన్నా పెద్దది. అవ్వ పాటల్ని పేర్లతో కాదు, నొక్కులతో గుర్తుపెట్టుకుంది. మొదటి పాట నుంచి ఏడు నొక్కులకు లవకుశ పాట, పన్నెండుకు శుక్రవారం పాట. ఈ సంగతి నాకు తెలియదు. ఒకసారి గరగరలాడుతున్న రెండు పాటలు తీసేసి, కొత్తవి అయిదు ఎక్కించి కాలేజీకి వచ్చేశాను. వారం తర్వాత ఫోన్ చేస్తే అవ్వ ప్లేయర్ ముట్టుకోవడం లేదని అమ్మ చెప్పింది. ఏమైందని అడిగితే అవ్వ మెల్లగా అంది: "నాకు మతి తప్పతా ఉండాదేమో అబ్బయా. పన్నెండు నొక్కితే ఇంకేందో పాట వస్తా ఉండాది."

మతి తప్పింది అవ్వకు కాదు, నేను మార్చిన ఫైళ్ల వరసకు. ఇలాంటి చౌక ప్లేయర్లు చాలావరకు పాటల్ని పేర్ల వరసలో పాడవు. కార్డులోని ఫ్యాట్ పట్టికలో ఫైళ్లు ఏ వరసలో నమోదయ్యాయో అదే వరస. ఒక ఫైల్ తీసేస్తే పట్టికలో ఆ గడి ఖాళీ అవుతుంది. తర్వాత ఎక్కించిన పాట చివరికి పోకుండా ఆ ఖాళీలో దూరొచ్చు. నేను వేసిన కొత్త పాటలు అలాగే మధ్యలో చేరి ఆమె లెక్కంతా తప్పించాయి. తెర ఉన్న ప్లేయర్‌లో అయితే పేరు చూసి సరిపెట్టుకుంటాం. ఇక్కడ ఆ వరసే ఆమెకు తెర.

అందుకే ఇంట్లో పెద్దవాళ్లకు ఇలాంటిది ఇచ్చేవాళ్లకు నాలుగు మాటలు. కార్డును ఫార్మాట్ చేసి, పాటలకు 001, 002 అని పేర్లు పెట్టి అదే వరసలో కాపీ చేయండి. ఆ ఫోల్డర్‌ని మీ ల్యాప్‌టాప్‌లోనూ ఉంచుకోండి. పాట మార్చాల్సి వస్తే మళ్లీ ఫార్మాట్ చేసి, పాత వరస కదలకుండా మొత్తం ఎక్కించండి. కొత్తవి చివర్లోనే చేర్చండి. గంట హరికథలాంటివి అయిదేసి నిమిషాల ముక్కలు చేయండి. కొన్ని ప్లేయర్లు ఏ ఫైల్‌లో ఆగారో గుర్తుంచుకుంటాయి గానీ, అందులో ఎన్నో నిమిషమో గుర్తుంచుకోవు.

ఆ శనివారమే ఊరికెళ్లి పాత వరస మళ్లీ ఎక్కించాను. అవ్వ ప్లేయర్ చేతికి తీసుకుని, పూస తడిమి, పెదాలతో లెక్కపెట్టుకుంటూ పన్నెండు నొక్కింది. శుక్రవారం పాట వచ్చింది. కాసేపు విని, ఒక చెవిలోది తీసి నాతో అంది: "ఈసారి మార్చేటప్పుడు నాకు చెప్పి మార్చు నాయనా."