కనుమఱుగైన చీతా: దాని ముఖమును చిత్రించు విధము

చిత్రలేఖనమున చేయి యలవడిన విద్యార్థికి గుఱ్ఱమును గాని యావును గాని వ్రాయుట యంత కష్టము గాదు. సందేహము కలిగెనా, వీథిలోనికి బోయి చూచి రావచ్చును. కనుమఱుగైన మృగమును వ్రాయబూనినవానికి ఆ సదుపాయము లేదు. మన దేశపు చీతా యట్టిది. 1947వ సంవత్సరమున, నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో జేరియున్న కొరియా సంస్థానమునందు ఒక రాత్రి వేటలో మూడు మగ చీతాలు కాల్పబడినవి. 1952లో ఈ మృగము భారతదేశమున నశించినదని ప్రకటింపబడెను. 2022 సెప్టెంబరులో నమీబియా నుండి మధ్యప్రదేశ్‌లోని కూనో యడవికి ఎనిమిది చీతాలు తేబడినవి గాని అవి ఆఫ్రికా శాఖకు జెందినవి. మన దేశమున తిరిగిన ఆసియా శాఖ ఇరానులో మాత్రము మిక్కిలి స్వల్పముగా మిగిలియున్నది.

మేము మొదట వ్రాసిన పటమును జూచి యొక మిత్రుడు, "చిఱుతపులి బాగుగానే వచ్చినదండీ!" అనెను. మాకు సిగ్గు కలిగినది. కారణము వెదకగా తప్పు చుక్కలయందు గానవచ్చెను. చిఱుతపులి మచ్చలు నడుమ వెలితి గలిగి పూలరేకులవలె గుంపులై యుండును. చీతాకు కుంచె మొనతో నద్దినట్లు నిండు నల్లని చుక్కలుండును. దేహము నందును భేదము కలదు. చీతాకు తల చిన్నది, కాళ్లు పొడవు, ఱొమ్ము లోతు, నడుము సన్నము. పిల్లిజాతిదే యైనను దూరమునుండి వేటకుక్కను దలపించును.

ఇది యంతయు ఆకారము. భావము ముఖమున నుండవలెను గదా! ఇక్కడనే చిత్రకారుడు మోసపోవును. చీతా కంటి లోపలి కొననుండి నోటివఱకు కాటుక చెదరి కాఱినట్లు నల్లని చార యొకటి దిగును. దానిని జూడగానే ఇది యేడ్చుచున్నదని తోచును. నశించిన జాతి యని యెఱిగినవారికి మఱింత తోచును. మేము రెండవ పటమున ఆ చారలను వెడల్పు చేసి, కనుఱెప్పలను వాల్చి వ్రాసితిమి. చూచినవారు జాలిపడిరి. కాని యది చీతా కాలేదు. మా జాలికి చుక్కలు పెట్టినట్లయ్యెను. ఆ చార కన్నీరు గాదు, ఎండవేడిమి వెలుగు కంటిలో గొట్టకుండుటకై యుండునని కొందఱు తలచెదరు. బ్రదికిన చీతా చూపు దూరమున నున్న జింకమీద నిలుచు చూపు. ఎదుటివానిని లెక్కచేయని చూపు.

ఆ చూపును నేర్చుకొనుట కేది యాధారము? వేటాడినవారు తీయించిన ఛాయాచిత్రములలో నిర్జీవదేహములే యుండును. అక్బరునామా చిత్రములలో చీతాల వేటను జూడవచ్చును. అంతకంటె మాకు మిక్కిలి యుపకరించినది జార్జి స్టబ్సు అను ఆంగ్ల చిత్రకారుడు ఇంచుమించు 1765లో వ్రాసిన పటము. మదరాసు గవర్నరుగా నుండి స్వదేశమునకు మరలిన జార్జి పిగట్టు ఒక చీతాను మూడవ జార్జి రాజునకు కానుక యిచ్చెను. దానినే స్టబ్సు ప్రత్యక్షముగా జూచి వ్రాసెను. పటములో ఇద్దఱు భారతీయ పరిచారకులు చీతా చెంత నున్నారు. దాని కనులపైనుండి ఎఱ్ఱని ముసుగు నుదుటిమీదికి దొలగింపబడినది. ఒకడు దుప్పిని జూపుచున్నాడు. 1764లో విండ్సరు ఉద్యానమున దీనిని దుప్పిమీదికి విడిచినపుడు దుప్పియే దీనిని తఱిమినదట! స్టబ్సు ఆ పరాభవమును వ్రాయలేదు. ముసుగు తీసిన క్షణమున కన్నులలో మేల్కొను శ్రద్ధను మాత్రమే పట్టెను. ఈ పటము మాంచెస్టరు చిత్రశాలయందున్నది.

మూడవసారి మేము పనిని తిరుగవేసితిమి. పలుచని పసుపు కావి కలిపిన నీటిరంగును దేహమంతట బూసి, ఆఱకమునుపే కడుపువైపు తడికుంచెతో తెలుపు తేల్చితిమి. చుక్కలను కడపటికి విడిచి ముందుగా కన్నులను వ్రాసితిమి: తేనెవన్నె, నడుమ గుండ్రని నల్లపాప. పాపను పటము చూచువానివైపు గాక కాగితపు టంచువైపు త్రిప్పితిమి. చారలను ఒక్క గీతగా, దిద్దకుండ దించితిమి. ఆ మిత్రుడే మరల వచ్చి కొంతసేపు చూచి, "ఇది యటు దేనిని జూచుచున్నది?" అని యడిగెను.