గూడబాతుల పుట్టినిల్లు

టెక్కలి దగ్గరి తేలినీలాపురం పేరెత్తగానే మన జిల్లాలో ఎవరినోటనైనా వచ్చే మాట "సైబీరియా పక్షులు". బస్సులో పక్కనున్నవారు అదే అంటారు. మా కాలేజీ పిల్లలు వ్యాసాల్లోనూ అదే వ్రాస్తారు. వేలమైళ్ళు ఎగిరివచ్చిన అతిథులంటే వినడానికి సొంపుగానే వుంటుంది. కాని ఆ పక్షులు సైబీరియా మొగం ఎరగవు.

ఆ వూరి చింతచెట్లమీద దిగేవి ముఖ్యంగా రెండు జాతులు: గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ. గూడబాతు పేరుకే బాతు. పొలానికి నీళ్ళు తోడే గూడవంటి సంచి ముక్కుకింద వేలాడుతుంది కనుక ఆ పేరు వచ్చిందని నాకు తోస్తుంది. ఆ సంచితో నీళ్ళతోసహా చేపను ఎత్తి, నీళ్ళు వదిలేసి, చేపను మింగుతుంది. రైతు గూడ వేయడం చూసినవాడే ఈ పేరు పెట్టివుంటాడు.

ఉత్తరాన్నుంచి వచ్చే అసలు బాతులు లేకపోలేదు. తలమీద రెండు నల్లచారలున్న పెద్దబాతు మంగోలియా, టిబెట్టు ప్రాంతాల్లో పిల్లలను చేసి, హిమాలయాలను దాటి, చలికాలానికి మన ఇచ్ఛాపురానికి అవతలనున్న చిల్కా సరస్సు చేరుతుంది. ఇరవైనాలుగువేల అడుగులదాకా ఎగిరినట్లు యంత్రాలు కట్టి కొలిచారు. కవుల హంస పెద్దబాతేనంటూ ఫోగెల్ అనే డచ్చి పండితుడు 1962లో గ్రంథమే వ్రాశాడు. ఆ వాదం మరోసారి చెప్పుకుందాం. ఇక్కడ కావలసిందల్లా వొక్కటే: ఆ బాతు మన దగ్గరికి మేతకు వస్తుంది, గూడబాతు పురిటికి వస్తుంది.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చి పుల్లలతో గూళ్ళు కట్టి, రెండు మూడు గుడ్లు పెట్టి, నెలరోజులు పొదుగుతవి. పిల్లలకు రెక్కలు వచ్చేదాకా మూడు నాలుగు నెలలు మేపుతవి. వేసవి ముదరకముందే అన్నీ వెళ్ళిపోతవి. అంటే ఆ పిల్లల పుట్టినిల్లు తేలినీలాపురమే. అతిథి వచ్చినా రాకపోయినా మనకు నష్టం లేదు. పురిటికి వచ్చే ఆడపడుచుకు చోటు లేకపోతే ఏమవుతుందో మన రాష్ట్రమే చూసింది. 1946లో కె. కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లాలో కొల్లేటి ప్రాంతాన వేలకొద్దీ గూడబాతులు పిల్లలను చేస్తూండగా కనుగొన్నారు. 1975 ప్రాంతానికి ఆ గూళ్ళు లేవు. బర్మాలో సిట్టాంగు నదీతీరాన 1877లో ఓట్స్ అనే దొర చూసిన మహా స్థావరమూ అంతే అయింది. 2006 నాటి అంచనా ప్రకారం లోకమంతటా ఈ జాతి పదమూడువేలనుంచి పద్దెనిమిదివేలే. మన తిరునాళ్ళలో వొక పూట జనం అంతకన్న ఎక్కువ!

పెరటిచెట్టుమీద గూడబాతులుంటే ఆ రెట్టల వాసన, జారిపడిన చేపల కంపు ఎలా వుంటవో ఆ యింటివారికే తెలుసు. అయినా కొమ్మ కొట్టరు. మనుషులు కొట్టని చెట్లను 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చింది. 2021 చివరనుంచి 2022 మొదటివరకు వందకుపైగా గూడబాతులు గూళ్ళకిందనే చచ్చిపడినవి. చేపలద్వారా కడుపులో చేరిన నులిపురుగులు కారణమని తేలింది.

చెట్టు వుంటే చాలదు, మేతా వుండాలి. అది నౌపడా, కాకరాపల్లి ప్రాంతాల తడినేలల్లో దొరుకుతుంది. ఆ బీలలోనే 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్కేంద్రం తలపెట్టడం, 2011 ఫిబ్రవరిలో అక్కడ కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోవడం ఈ జిల్లావారు మరచిపోయేవి కావు. చేపలు పట్టుకు బ్రతికేవారిదీ, గూడబాతులదీ వొకటే నీరు. పట్నంలో కూర్చుని దాన్ని బంజరు అనడం తేలిక.

చూడదలచినవారు నౌపడా జంక్షనులో దిగితే వూరు దగ్గరే. డిసెంబరు, జనవరి నెలలైతే గూళ్ళలో పిల్లలుంటవి. తల్లి నోరు తెరిస్తే పిల్ల తల మొత్తం ఆ సంచిలోకి దూర్చి చేపలు లాక్కుంటుంది. మీ పిల్లలను వెంటబెట్టుకు వెళ్ళండి, కాని చెట్లకింద నిలబడేటప్పుడు గొడుగు మరవకండి.